దారం కట్టని సీసా

"లవంగమే," అంది వదిన, గ్లాసుని ముక్కు దగ్గర్నుంచి దూరం జరుపుతూ. "ఇంకా అనుమానం దేనికి? నారింజ ఏ మూల దాక్కుందో గానీ, నాకైతే దొరకలేదు."

భోజనాల బల్ల మీద నలభై ఎనిమిది గాజు గ్లాసులు ఆరు వరసల్లో నిలబడి ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం పోసిన మైనం తెల్లగా, నున్నగా, ఒక్క పగులైనా లేకుండా గడ్డకట్టింది. కొవ్వొత్తుల పని మొదలుపెట్టిన ఈ ఎనిమిది నెలల్లో ఇంత అందంగా ఎప్పుడూ రాలేదు. వాసన మాత్రం పంటినొప్పి వాసన.

పైగా ఇవి వెళ్ళాల్సింది పళ్ళ డాక్టరమ్మ కొత్త క్లినిక్కి. ఆర్డరు ఇచ్చిన రోజునే ఆవిడ వేలు చూపించి మరీ చెప్పింది. "ఏ వాసనైనా పెట్టండి, లవంగం ఒక్కటి వద్దు. ఆ వాసన తగిలిందంటే పన్ను పీకేస్తారని జనం గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు."

"నేను ముట్టుకోలేదు," అన్నారు మా ఆయన, వైర్ల సంచీ భుజాన తగిలించుకుంటూ. వరసగా మూడు తుమ్ములు తుమ్మి మళ్ళీ అన్నారు. "ముందే చెప్తున్నా. నేను ముట్టుకోలేదు."

"మిమ్మల్ని ఎవరేమన్నారు?"

"నీ కళ్ళన్నాయి. ఈ ఇంట్లో ఫ్యూజు పోయినా, పాలు విరిగినా మొదట చూసేది నా వైపే."

"ఫ్యూజు పోతే నీ వైపు కాక ఎవరి వైపు చూస్తారురా? ఎలక్ట్రీషియన్‌వి నువ్వేగా," అంది వదిన తమ్ముడితో.

నాకు నవ్వు రాలేదు. ఐదు కిలోల మైనం. అందులో నారింజ నూనె నాలుగువందల గ్రాములు నా చేత్తో తూచి పోశాను. అది నారింజేనని నాకు తెలుసు. పొద్దుటి పూట, ముక్కు పని చేస్తున్నప్పుడు, మూత తీసి చూసి మరీ పక్కన పెట్టుకున్న సీసా అది.

అలా వాసన చూసి పక్కన పెట్టుకోవాల్సి రావడమే మా ఇంటి పద్ధతిలోని లోపం. వంటింటి అరలో సెంటు నూనెల సీసాలు పదకొండు. అన్నీ ఒకే గోధుమరంగు, ఒకే ఎత్తు. ఈ నూనెల ఘాటు ఎలాంటిదంటే, చుక్క తగిలితే చాలు, చీటీ మీద సిరా కరిగిపోతుంది. నెల తిరక్కుండానే చీటీలన్నీ నీలం మరకలైపోయాయి. మళ్ళీ రాసి అంటిస్తానంటే మామయ్య నవ్వేశారు. "చీటీలెందుకమ్మా, ముక్కులున్నాయిగా!" అప్పట్నుంచీ ఏ సీసా ఏదో మూత తీసి తెలుసుకోవడమే.

ఆ మాట అనగలిగిన ముక్కే ఆయనది. నలభై ఏళ్ళు బేకరీలో చేశారు. పొయ్యి తలుపు తియ్యకుండానే లోపల రొట్టె ఏ రంగులో ఉందో చెప్పేవారట. తూకమంటే ఆయనకి గిట్టదు. "తూచి కలిపేవాడు బేకరు కాదు, కిరాణా కొట్టువాడు," అంటారు. అందుకని తూచి పొయ్యడం నా వంతు. ఆఖర్న గిన్నె మీదికి వంగి, కళ్ళు మూసుకుని ఒక్కసారి పీల్చి, "చాలు" అనో "ఇంకో మూతెడు" అనో తీర్పు చెప్పడం ఆయన వంతు. ఆ ఘాటులో గంట నిలబడితే నాకు నారింజకీ నీళ్ళకీ తేడా తెలీదు. ఆయన ముక్కు మొద్దుబారడం మాత్రం నేను ఒక్కరోజూ చూడలేదు.

"ఏంటర్రా పొద్దున్నే గోల?" అంటూ మామయ్య వచ్చారు. చేతిలో మెత్తటి గుడ్డ. గ్లాసుల అంచులు తుడవడం ఆయన పొద్దుటి పని.

"చూడండి నాన్నా," అంది వదిన, గ్లాసు చేతికిచ్చి.

ఆయన కళ్ళు మూసుకున్నారు. నిండుగా పీల్చారు.

"దివ్యంగా ఉంది. నారింజ తోటలో కుర్చీ వేసుకుని కూర్చున్నట్టుంది. దీనికి గొడవ దేనికి?"

మా ఆయన పకపకా నవ్వారు.

"నాన్నా, దాని మొహం చూడండి, ఏడుపొక్కటే తక్కువ. మీ వేళాకోళానికి ఇదా సమయం?"

వదిన కూడా నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంది. మామయ్య ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, కాస్త ఆలస్యంగా తనూ నవ్వారు.

ఆ ఆలస్యం నాకు తగిలింది. మామయ్య వేళాకోళమాడితే మాటకన్నా ముందు ఎడమ కనుబొమ్మ లేస్తుంది. ఇప్పుడు లేవలేదు. నా చూపు గ్లాసు పట్టుకున్న చేతి మీదికి దిగింది. బొటనవేలూ, పక్క రెండు వేళ్ళూ ఎర్రగా కంది ఉన్నాయి. లవంగ నూనె చర్మానికి నేరుగా తగిలితే అలాగే కందుతుంది.

నిన్న నేనన్న మాట గుర్తొచ్చింది. "మామయ్యా, శాంపిలు చూసి డాక్టరమ్మ ఘాటు చాల్లేదంది. నా ముక్కు చచ్చిపోయింది. మీరే చూసి, కావలిస్తే ఇంకాస్త పొయ్యండి." అనేసి, మూతల పార్సిలు వచ్చిందంటే కిందికి పరిగెత్తాను.

"నేనే," అన్నాను.

"ఏంటి నువ్వే?" అంది వదిన.

"నేనే కలిపాను. ఆఖర్న ఘాటు కోసం ఇంకాస్త పోస్తూ చూసుకోలేదు. సీసా మారిపోయింది."

"ఇందాకట్నుంచీ మరి మమ్మల్నందర్నీ నిలబెట్టి విచారణ చేశావేం?" అన్నారు మా ఆయన.

వదినకి కావలసిన దారి దొరికింది. "నేను వచ్చి నాలుగు రోజులైంది. ఇది ఇల్లా, సబ్బుల ఫ్యాక్టరీయా? నా పెట్టెలో బట్టలకి మూడు రకాల సెంట్లు పట్టాయి. నువ్వంటే నీ ఇష్టం. మా నాన్న వయసెంత? పొద్దస్తమానం ఈ ఘాటులో కూర్చుంటే ఏమవుతారు? ఆదివారం నేను వెళ్ళేటప్పుడు ఆయన్ని కూడా తీసుకెళ్తున్నా."

"అక్కా, నాన్న ఏమన్నా సూట్‌కేసా?"

"నువ్వూరుకో. అందరూ మెచ్చుకున్న ముక్కు మా నాన్నది. ఈ నూనెల దెబ్బకి రేపు ఆయనకి వాసన తెలీకుండా పోతే ఎవరు జవాబు చెప్తారు? నువ్వా? ఇదా?"

గ్లాసు అంచు మీద తిరుగుతున్న గుడ్డ ఆగిపోయింది. మామయ్య తల ఎత్తలేదు. కాసేపటికి గుడ్డ మళ్ళీ తిరిగింది, తుడిచిన చోటే.

మా ఆయన తలనొప్పి మాత్ర వేసుకుని పనికి వెళ్ళిపోయారు. వదిన పెట్టెలోని బట్టలన్నీ బకెట్లో కుక్కుకుని, మళ్ళీ ఉతుక్కుంటానని మేడ మీదికి వెళ్ళింది. మెట్ల మీద ఆవిడ అడుగులు కూడా నన్ను తిడుతున్నట్టే వినిపించాయి.

మామయ్య వంటింట్లో కిటికీ పక్కన కూర్చుని వత్తులు కత్తిరిస్తున్నారు. నేను చిన్న గిన్నెలో పాలు పోసి పొయ్యి మీద పెట్టాను. ఆయనకి రెండడుగుల దూరం. పెట్టి, అక్కడే నిలబడ్డాను. అడుగంటడం మొదలైనా కదల్లేదు. అది తప్పో ఒప్పో నాకు తెలీదు, కావాలనే చేశాను. మాడు వాసన లేచి, నా కళ్ళల్లో నీళ్ళు తెప్పించింది.

ఆయన స్కేలు పెట్టి ఇంకో వత్తి కొలిచారు. కత్తిరించారు.

"మామయ్యా. పాలు."

తల తిప్పి చూశారు. గిన్నె మీద పొగ. పొయ్యి కట్టకుండా నిలబడ్డ నేను. ఆయనకి అర్థమైంది. కత్తెర మెల్లగా బల్ల మీద పెట్టారు.

నేను పొయ్యి కట్టేసి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"ఎన్నాళ్ళైంది?"

"మొన్నా మధ్య జ్వరం వచ్చిందే, అది తగ్గిన వారానికి."

"అంటే రెండు నెలలు!"

"తొమ్మిది వారాలు," అన్నారు. "మొదట జలుబేమో అనుకున్నా. ఓ రోజు పొద్దున్నే పాత బేకరీ ముందు నుంచి నడిచాను. బన్నులు దించే టైము. నలభై ఏళ్ళు నేను పీల్చిన గాలి. ఏమీ లేదమ్మా. తలుపు మూసేసినట్టు."

ఏమనాలో తోచనప్పుడు నోటికి ఏదొస్తే అది అనేస్తాను.

"రుచి కూడా తెలీడం లేదా?"

"ఉప్పూ కారం నాలుక మీద తెలుస్తాయి. మిగతాదంతా దూది."

"మరి రోజూ నా కూర తిని బ్రహ్మాండం, బ్రహ్మాండం అన్నారే! నా చెయ్యి తిరిగిందని ఎంత మురిసిపోయాను!"

ఇప్పుడు లేచింది ఎడమ కనుబొమ్మ.

"జ్వరానికి ముందు చెప్పినవి అబద్ధాలు తల్లీ. తర్వాత చెప్పినవి మాత్రం నిజంగా తెలీక చెప్పినవి."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. ఆయన చూడనట్టు వత్తులు సర్దారు.

"నాకెందుకు చెప్పలేదు? గిన్నె మీదికి వంగి 'చాలు' అన్నారు కదా ఇన్నాళ్ళూ!"

"నువ్వు తూకం తప్పవు. నువ్వు పోశాక చాలేగా మరి. అందుకని చాలు అంటూ వచ్చా. నిన్న మాత్రం ఇంకాస్త పొయ్యమన్నావు. నువ్వు నారింజ సీసా అప్పటికే అరలో సర్దేశావు. సరేనని అక్కణ్ణుంచి ఓ సీసా తీశా. మొదట్లో నారింజ ఉండే చోటే ఉంది. రెండు మూతలు పోశా. చెయ్యి మండింది. ఎందుకు మండిందా అని ఆలోచించనే లేదు చూడు."

"చోట్లు ఎప్పుడో మారిపోయాయి మామయ్యా. గ్యాసు లీకైతే ఎలాగండీ? ఇంట్లో మీరొక్కరే ఉంటే?"

"పొయ్యి జోలికి వెళ్ళడం మానేశాగా. టీ కావాలంటే నిన్నే అడుగుతున్నా. బద్ధకం ఎక్కువైందని నువ్వు నాతో జగడం కూడా పెట్టుకున్నావు."

పెట్టుకున్నాను. 'నేను మైనం కలపనా, మీకు టీలు కాయనా' అన్నాను.

"ఇందాక విన్నావుగా అది ఏమందో," అన్నారు ఆయన, మేడ వైపు గడ్డం చూపిస్తూ. "నా ముక్కు పోయిందని తెలిస్తే అందరూ అనే మొదటి మాట అదే. నీ నూనెల వల్లే అంటారు. వాడు నీ మీద ప్రేమ కొద్దీ అంటాడు, అది నా మీద ప్రేమ కొద్దీ అంటుంది. ఇద్దరూ కలిసి ఈ అర ఖాళీ చేయిస్తారు. నువ్వు ఎనిమిది నెలలు నిలబడి నేర్చుకున్న పని ఇది. నన్ను తీసుకెళ్ళి అక్కడ టీవీ ముందు కూర్చోబెడతారు. ఇక్కడైతే నాకు వత్తులున్నాయి."

"నిజంగా నా నూనెల వల్ల కాదంటారా?"

"జ్వరం వల్లనే."

"డాక్టర్ని అడిగారా?"

"అడిగితే ఇంట్లో తెలుస్తుందిగా."

"అంటే మీకూ ఖాయంగా తెలీదు."

నేను కిటికీ రెండో రెక్క కూడా తెరిచాను. ఇన్నాళ్ళూ ప్రేమగా తుడిచి పెట్టుకున్న ఆ పదకొండు సీసాలూ నా వీపు వెనక వరసగా నిలబడి ఉన్నాయి. మొదటిసారి వాటి వైపు తిరగబుద్ధి కాలేదు.

"రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం, మనిద్దరం," అన్నాను. "ఆయన ఏమన్నా సరే, ఆదివారంలోగా మీ అబ్బాయికీ, అమ్మాయికీ మీరే చెప్పాలి. చెప్పకపోతే నేను చెప్తాను. అప్పటిదాకా నా నోరు మూసుకుంటా. నాకు చేతనైనంత వరకే."

"నీకు ఎంతవరకు చేతనవుతుందో నాకు తెలుసు," అన్నారు మామయ్య దిగులుగా.

పళ్ళ డాక్టరమ్మకి ఫోన్ చేశాను. లవంగం పడిందని చెప్పగానే అవతల పెద్ద నవ్వు. తర్వాత నవ్వు ఆగింది. పదకొండు రోజుల్లో క్లినిక్ తెరుస్తోంది. కొవ్వొత్తి పోశాక మూత పెట్టి పది రోజులు మాగనివ్వాలి, లేకపోతే వాసన మైనంలోనే ఉండిపోతుంది, వెలిగించినా బయటికి రాదు. అంటే ఇవాళే పొయ్యాలి. చేసినవి పనికిరావు. మైనాన్ని మళ్ళీ కరిగించి లవంగాన్ని విడదీసే విద్య ఎవరికీ లేదు.

పెద్ద నీళ్ళ గిన్నెలో మైనం గిన్నె దించి సన్నమంట పెట్టాను. అది కరిగేలోపు మామయ్య వత్తుల దారం ఉండలోంచి పదకొండు ముక్కలు కత్తిరించారు. నేను ఒక్కో మూతా తీసి వాసన చూసి పేరు చెప్పాను. ఆయన ఆ సీసా మెడకి దారం కట్టి ముడులు వేశారు. నారింజకి ఒకటి. గంధానికి రెండు. మల్లెకి మూడు.

"లవంగానికి?"

"తొమ్మిది," అన్నారు. "శత్రువు దూరం నుంచే తెలియాలి."

కట్టడం అయ్యాక బొటనవేలితో ఒక్కో సీసా మెడా తడిమి చూసుకున్నారు, కళ్ళు మూసుకుని. తప్పు పోలేదు. అప్పుడు, నేనేమీ అనకుండానే, బల్ల చివర ఉన్న తూకం యంత్రాన్ని తన వైపు లాక్కున్నారు.

"ఇదెలా ఆన్ అవుతుంది?"

"మామయ్యా..."

"చెప్పవమ్మా. ఇవాళ్టి నుంచి కిరాణా కొట్లో చేరుతున్నా."

నాలుగువందల గ్రాములు. ఆయన చుక్క చుక్కగా తూచారు. నాలుగువందల ఒకటి చూపిస్తే దూదితో అద్ది ఆ కాస్తా వెనక్కి తీశారు. నలభై ఏళ్ళు గిట్టని పనిని ఇంత శ్రద్ధగా చేస్తుంటే చూడలేక థర్మామీటరు వైపు తిరిగాను. అరవై ఎనిమిది. ఎనభై రాగానే నూనె పోసి రెండు నిమిషాలు ఆపకుండా కలపాలి. అంతకన్నా వేడెక్కనిస్తే వాసన ఆవిరైపోతుంది.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఈసారి మెత్తగా ఉన్నాయి.

వదిన ఖాళీ బకెట్టు గుమ్మం దగ్గర దించి, తడి చేతులు పైటకి తుడుచుకుంటూ నిలబడింది.

"పొద్దున కాస్త ఎక్కువ మాట్లాడాను," అంది నాతో.

"కాస్తే," అన్నాను.

"సర్లే, చాలా. చూడు మరదలా, నీ పని మీద నాకు కోపం లేదు. అసలు నేను వచ్చిందే నీతో ఒకటి చేయించుకుందామని. వచ్చిన రోజునే అడగాల్సింది, గొడవలతోనే సరిపోయింది." నడుము దగ్గర దోపిన రుమాలు తీసి ముడి విప్పింది. అందులో చిన్న మందు సీసా. అడుగున నాలుగైదు చుక్కలు. "ఇది ఒక్క కొవ్వొత్తికైనా వస్తుందా? ఒక్కటి చాలు. నాన్నకి."

నేను చెయ్యి చాచాను. ఆవిడ ఇవ్వలేదు.

"ముందు నాన్న చూడాలి." చిన్నపిల్లలా మామయ్య పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మూత తీసి సీసా ఆయన చేతిలో పెట్టింది. "ఏదీ, చెప్పండి చూద్దాం. ఎవరిదో?"

మామయ్య బొటనవేలు సీసా మెడ మీదికి వెళ్ళింది. ఒకసారి చుట్టూ తిరిగింది. మళ్ళీ తిరిగింది. అక్కడ దారం లేదు.

అప్పటికి ఆ వాసన నా దాకా వచ్చింది. పేరు తెలియని ఏదో పువ్వు, సన్నగా. మా పాత బీరువా రెండో అరలో, అత్తయ్యవి రెండు శాలువాలు ఇంకా మడత విప్పకుండా ఉన్నాయి. తలుపు తీసినప్పుడల్లా ఒక్క క్షణం పలకరించి పోయే వాసన. ఆవిడ పోయి నాలుగేళ్ళు.

మామయ్య నా వైపు చూశారు. టీ తప్ప ఎవర్నీ ఏదీ అడగని మనిషి, కళ్ళతో అడిగారు. నేను నోరు తెరవబోయాను. ఏదో ఒక వంక. 'అత్తయ్య శాలువా గుర్తొస్తోంది' అంటే చాలు. కానీ ఆయన తల అడ్డంగా ఊపారు, కొద్దిగా, నాకు మాత్రమే కనిపించేంత.

తర్వాత కూతురి మొహంలోకి చూశారు. చాలాసేపు చూశారు. రొట్టె కాలిందో లేదో చూసినట్టు.

"మీ అమ్మది," అన్నారు.

వదిన మొహం వెలిగిపోయింది. "చూశావా!" అంది నా భుజం మీద చరిచి. "చూశావా మా నాన్న ముక్కు! నాలుగు చుక్కలు! వేరే సీసాలో పోసినా సరే! అమ్మ వాడిన సెంటు, డబ్బా అడుగున దొరికితే దాచానండీ, మీకు చెప్పకుండా." కళ్ళు నిండిపోయాయి. "ఇంకోసారి చూడండి. ఇంకోసారి."

గట్టెక్కాం అనుకున్నాను. ఆదివారం దాకా సమయం ఉంది. డాక్టర్ని అడిగి, అన్నీ తెలుసుకుని, నెమ్మదిగా చెప్పచ్చు. ఊపిరి వదిలాను.

మామయ్య సీసాని ముక్కు దగ్గరికి తీసుకెళ్ళలేదు. మూత వెతికి జాగ్రత్తగా బిగించారు. బిగించి, కూతురి అరచేతిలో పెట్టి, ఆ వేళ్ళని తన వేళ్ళతోనే మూశారు.

"ముక్కు చెప్పలేదమ్మా," అన్నారు. "నీ మొహం చెప్పింది."

"అదేంటి నాన్నా?"

"నాకు వాసన తెలీడం లేదు. తొమ్మిది వారాలైంది. ఆ లవంగం పోసింది నేను. నా కోసం నీ మరదలు తిట్లు తింది. మిగతావన్నీ ఎలాగో దాటేశా గానీ, మీ అమ్మ వాసన దగ్గర అబద్ధం ఆడలేను."

వదిన చెయ్యి ఆయన చేతుల్లోనే ఉంది. పొద్దుట్నుంచీ ఆవిడ మాటలకి భయపడ్డాను. ఇప్పుడు ఒక్క మాటైనా అంటే బాగుండుననిపించింది.

థర్మామీటరు ఎనభై చూపిస్తోంది. తూచిన నూనె బల్ల మీద సిద్ధంగా ఉంది. ముగ్గురిలో ఎవరం గరిటె అందుకోలేదు.

వదిన చూపు ఆయన మొహం మీంచి నెమ్మదిగా లేచి, నా వెనకున్న అర మీదికి వెళ్ళింది. మెడలకి తెల్లటి దారాలు కట్టుకుని వరసగా నిలబడ్డ పదకొండు సీసాల మీదికి. అక్కడ కాసేపు ఆగి, అక్కణ్ణుంచి నా మీదికి తిరిగింది.